జేబు గౌన్లు, మ్యాచింగ్ తెర

గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ. కింద హోమియో డాక్టరు, పైన మా ఫోటోగ్రఫీ ఇన్‌స్టిట్యూట్. డాక్టరుగారి కోసం వచ్చిన పేషెంట్లు కొందరు పొరపాటున ఒక అంతస్తు ఎక్కువెక్కి మా క్లాసులో కూర్చునేవాళ్ళు. వాళ్ళని చూసి మా సారు అడ్మిషన్లు పెరుగుతున్నాయని సంబరపడేవారు. డిగ్రీ తప్పి, ఇంట్లో మొహం చూపించలేక, ఆ మేడ మీద నేనొక ఏడాది ఫోటోగ్రఫీ చదివాను. చదివాను అన్నది సరైన మాటే. క్లాసు మొత్తానికి కెమెరా ఒక్కటి. అది నా చేతికి వచ్చేసరికి కరెంటన్నా పోయేది, సూర్యుడన్నా పోయేవాడు.

చిట్టచివరి పాఠం ఫ్యాషన్ ఫోటోగ్రఫీ. ఆ పాఠం చెప్పే రోజున సారు టై కట్టుకుని వచ్చారు. ఏప్రిల్ నెల, గుంటూరు, టై. అంతకు మించి ఫ్యాషన్ గురించి ఆయన చెప్పాల్సింది ఏమీ లేదు గానీ, చెప్పారు.

"ఫ్యాషన్ ఫోటో అంటే ఏంటి?"

"పెళ్ళి ఫోటోలోంచి పెళ్ళి తీసేస్తే మిగిలేది" అని ఆయనే చెప్పి, రాసుకోమన్నారు. రాసుకున్నాం.

సర్టిఫికెట్ కావాలంటే ప్రతివాడూ ఒక డిజైనర్‌ని వెతుక్కోవాలి. ఆ డిజైనర్ కుట్టిన బట్టలు మనుషులకి తొడిగి, ఇద్దరూ కూడబలుక్కుని ఫోటోలు తీసి తేవాలి.

"డిజైనరంటే ఎవరు సార్?" అన్నాడు మార్టూరు నుంచి వచ్చే కుర్రాడు. వాళ్ళ నాన్నకి అక్కడ గ్రానైటు పాలిష్ పట్టే షెడ్డు ఉంది. "మా దగ్గర రాయి మీద డిజైన్లు చెక్కేవాళ్ళున్నారు. పనికొస్తారా?"

"రాయి ఒంటి మీద వేసుకుంటార్రా ఎవరైనా?"

"పోయాక వేస్తారు గదండీ, సమాధి మీద."

సారు టై వదులు చేసుకున్నారు.

ఫ్యాషన్ మీద నాకప్పటికే కొంత పట్టు ఉందని నా నమ్మకం. పాత పేపర్ల కొట్లో విదేశీ ఫ్యాషన్ పుస్తకాలు తూకానికి దొరికేవి. అందులో మంచి మంచి పేజీలు మంగలి షాపుల గోడల మీదకి ముందే వెళ్ళిపోయేవి. రెండో రకం పేజీలు పునుగుల పొట్లాలయ్యేవి. ఎవరికీ అక్కర్లేక నాకు మిగిలినవి చలికోట్ల పేజీలు. కాబట్టి పర్చూరు ఎండల్లో తిరిగే నాకు బాగా తెలిసిన ఫ్యాషన్ ఉన్నికోటు.

పర్చూరు మా ఊరు. డిజైనర్ కోసం నేను వెతుక్కోవాల్సినంత దూరం ఏమీ లేదు. మా పక్కింటి వసారాలో కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దది, నేను అక్కా అనేవాణ్ణి. వాళ్ళ నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేవారు. అక్క గుంటూరులో మిషనరీ వాళ్ళ దగ్గర కటింగు, కుట్టు నేర్చుకుని వచ్చింది. నేర్చుకున్నదంతా ఒక సంచిలో మడిచిపెట్టి, ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లు బిగిస్తూ, వదులు చేస్తూ ఉండేది. పెళ్ళికి ముందు బిగించమని వచ్చేవాళ్ళు. పెళ్ళి భోజనాలయ్యాక వదులు చేయమని వచ్చేవాళ్ళు. జాకెట్లు మాత్రం అవే.

"అక్కా, నువ్వు డిజైనర్‌వి" అన్నాను.

"ఏరా, ఎండ దెబ్బ తగిలిందా?"

"ఒకరు చెబితే కుట్టేవాళ్ళు టైలర్లు, వాళ్ళే అనుకుని కుట్టేవాళ్ళు డిజైనర్లు. మా సారు చెప్పారు." మా సారు చెప్పలేదు, గానీ చెప్పదగిన మాటే.

అక్క మిషన్ ఆపింది. లోపలికి వెళ్ళి ఒక గౌను తెచ్చింది. మెడకి కాలరు, చీలమండల దాకా పొడుగు, నడుము దగ్గర కుచ్చులు. రెండు పక్కలా జేబులు. జేబులంటే అలంకారానికి కుట్టేవి కావు. చెయ్యి పెడితే మణికట్టు దాకా మునిగింది.

"చెబితే కుట్టినవి కడుపుకి. అనుకుని కుట్టింది ఇదొక్కటేరా" అంది.

అక్కకి ఈ ఆలోచన పొగాకు గ్రేడింగుకి, అంటే ఆకు రకాలు ఏరడానికి, పోయే ఆడపిల్లల్ని చూసి వచ్చిందట. దువ్వెన, రుమాలు, చిల్లర, బస్సు టిక్కెట్టు అన్నీ చేతుల్లో పట్టుకుని నడిచేవాళ్ళు. పెద్దవాళ్ళకి కొంగున్నది ముడేసుకోవడానికి. పిల్లలకి పిడికిలే. "మగపిల్లాడికి చొక్కాకి ఒకటి, నిక్కరుకి రెండు. వాటిల్లో పెట్టుకోవడానికి వాడి దగ్గర గోళీలు తప్ప ఏమీ ఉండవు. ఈ పిల్లలకి సంపాదన ఉంది, పెట్టుకునే చోటు లేదు" అంది.

అసలు చిక్కు వేరే ఉంది. దర్శిలో ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పే ఉద్యోగం ఒకటి వాళ్ళ నాన్న ఎవరినో బతిమాలి ఖాయం చేసి పెట్టారు. బడులు తెరిచేనాటికి వెళ్ళి చేరాలి. చేరితే ఇక ఏడాది పొడుగునా పిల్లల యూనిఫారాలు కుట్టడమే, నీలం పావడా, తెల్ల జాకెట్టు. మళ్ళీ ఏడాది నీలం పావడా, తెల్ల జాకెట్టు. అక్క ఒక గడువు అడిగింది. గుంటూరులో పెద్ద బట్టల కొట్టు షావుకారు రెడీమేడ్ గౌన్లు తీసుకుంటున్నాడు. "పిల్లలు వేసుకుంటే ఎట్లా ఉంటాయో ఫోటోలు పట్టుకురా, అప్పుడు చూద్దాం" అన్నాడట. ఆయన సరే అంటే అక్క పర్చూరులోనే ఉండి తన గౌన్లు తను కుట్టుకుంటుంది. కాదంటే దర్శి బస్సు.

"నాకు సర్టిఫికెట్టు, నీకు షావుకారు. కలిసి చేద్దాం" అన్నాను.

"పాడుచేస్తే?"

"ఫోటోయే గదక్కా. అందులో పాడవటానికేముంది?"

బట్ట మీద అక్కకి ఒక పట్టుదల ఉంది. గౌన్లన్నీ ఒకే తానులోంచి కుట్టాలంది. ఆ రోజుల్లో మా వైపు అది వింతేమీ కాదు. పండగొస్తే తండ్రి ఒక తాను తెచ్చేవాడు. అందులోంచే ఆయన చొక్కా, మగపిల్లల చొక్కాలు, ఆడపిల్లల గౌన్లు, మిగిలిన ముక్క దిండు గలీబు. జాతరలో పిల్లాడు తప్పిపోతే ఆ గుడ్డని బట్టి పట్టుకోవచ్చు. అక్క లెక్క మాత్రం వేరు: "రకరకాల గుడ్డలైతే షావుకారు గుడ్డని చూస్తాడు. గుడ్డంతా ఒకటే అయితే చూడ్డానికి కుట్టే మిగులుద్ది." ఇంత తెలివైన మాట మా ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరూ అనలేదు. అందుకే కాబోలు, దానికి పట్టిన గతి చూసి నాకు చదువు మీద గౌరవం పెరిగింది.

మా ఊరి బట్టల కొట్టాయన గోధుమరంగు మీద అరచేయంత పూలున్న తాను ఒకటి చూపించి, ఇలాంటి పువ్వు జిల్లాలోనే లేదన్నాడు. నిజానికి సగం తానే ఉంది. మిగతా సగం అంతకు ముందు రోజే ఎవరో పెద్దమనిషి పట్టుకెళ్ళాడట. "ఇంటావిడకి కాబోలు" అన్నాడు కొట్టాయన. ఆ ఇంటావిడ ఎంత భారీ మనిషో అని నేనూ అక్కా దారి పొడుగునా నవ్వుకున్నాం.

ఇక గౌన్లు తొడుక్కునేవాళ్ళు కావాలి. గ్రేడింగు షెడ్డు వదిలే వేళకి వెళ్ళి నిలబడ్డాం. పిల్లలు సరదాపడ్డారు. వాళ్ళలో ఒకమ్మాయి నోరు ఆగేది కాదు, మిగతావాళ్ళ తరఫున కూడా తనే సరదాపడింది. అడ్డం పడింది వాళ్ళమ్మ.

"ఫోటోలు దేనికంట?"

"గుంటూరు బట్టల కొట్లో చూపించడానికి పిన్నీ" అంది అక్క.

"కొట్లోనా! రేపు దీన్ని చూసుకోను వచ్చేవాళ్ళు ఆ కొట్టుకే బట్టలకి పోతే? అక్కడ బల్ల మీద నా కూతురు పళ్ళికిలించుకుని కనపడితే?"

"గౌను కోసమే పిన్నీ. నీ కూతుర్ని ఎవరు చూస్తారు?"

ఆ మాట ఆవిడకి ధైర్యం ఇచ్చిందో, కోపం తెప్పించిందో తెలియలేదు. తీర్పు మాత్రం చెప్పింది. "మొహం పడకూడదు. బట్ట ఎంతైనా పడనీ. మొహం మాత్రం పడకూడదు."

"మొహం పడకపోతే నేనని ఎట్టా తెలిసిద్దే అమ్మా?"

"తెలియకూడదనేగా నేను మొత్తుకునేది!"

మిగతా తల్లులు కూడా అదే షరతు పెట్టారు. నాకు చాలా సంతోషం వేసింది. నా చలికోట్ల పేజీల్లో కూడా మనుషులెవరూ మన వంక చూడరు. ఎటో చూస్తూ ఉంటారు, బస్సు తప్పిపోయినట్టు. ఫ్యాషన్‌కి, పర్చూరు తల్లులకి ఇంత ఏకాభిప్రాయం కుదరడం చరిత్రలో మొదటిసారి అనుకున్నాను.

లైట్లున్నది ఊళ్ళో ఒక్క స్టూడియోలోనే. ఆ స్టూడియో మాస్టారు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆయన దృష్టిలో ఫోటోలు మూడే రకాలు: పాస్‌పోర్టు, పెళ్ళిచూపులది, శవానిది. మూడింటికీ నియమం ఒక్కటే, మొహం నిండుగా పడాలి.

"మొహం పక్కకి తిప్పిన ఫోటో నేను శవానికి కూడా తీయలేదయ్యా" అన్నారు.

"ఇది ఫ్యాషన్ మాస్టారూ."

"ఫ్యాషన్ అయితే మాత్రం మెడ పట్టేసిందా వాళ్ళకి?"

చివరికి లైట్లు ఇస్తానన్నారు. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో ఆదివారం మధ్యాహ్నం మేం వెళ్ళాక తెలిసింది. నా చిన్నప్పటి నుంచీ ఆ స్టూడియోలో తాజ్‌మహల్ బొమ్మ తెర ఉండేది. దాని ముందు పర్చూరు పొగాకు బేరగాళ్ళందరూ ఆగ్రా వెళ్ళి వచ్చారు. ఆ తెర తీసేసి మాస్టారు కొత్త తెర వేయించారు. మూలల్లో పసుపు బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టి, దాని ప్రారంభోత్సవం మా చేతుల మీదుగా జరిపించాలని ఎదురుచూస్తున్నారు. గోధుమరంగు మీద అరచేయంత పూలు.

ఆ భారీ ఇంటావిడ ఎవరో తేలిపోయింది.

తెర వెనక నుంచి పిల్లలు గౌన్లు తొడుక్కుని ఇవతలికి వచ్చారు. ఇక్కడ మా అందరికీ గుండె ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది. ఆగలేదు. అందరం సంతోషించాం. అవి మ్యాచింగ్ రోజులు. చీరకి జాకెట్టు మ్యాచింగ్, జాకెట్టుకి గాజులు మ్యాచింగ్, గాజులకి రిబ్బను మ్యాచింగ్. ఒక ముక్క చేత్తో పట్టుకుని ఆడవాళ్ళు చిలకలూరిపేట దాకా వెళ్ళి అదే రంగు వెతికి తెచ్చుకునేవాళ్ళు. అలాంటిది, ఎవరూ కష్టపడకుండా, మనుషులకి గోడ మ్యాచింగ్ అయింది.

"అమ్మో, మనకి తగ్గట్టు తెర కూడా కుట్టించారే!" అంది నోరు ఆగని పిల్ల.

అక్క ఒక్కతే కొంచెం వెనక్కి వెళ్ళి, కళ్ళు చికిలించి చూసింది. "మాస్టారూ, జేబులు కనపడతాయంటారా?"

"చీరకి జాకెట్టు మ్యాచింగ్ వేసుకుంటావు కదమ్మా. వేసుకుంటే జాకెట్టు కనపడట్లేదా?"

అక్క తన జాకెట్టు చెయ్యి వంక చూసుకుంది. కనపడుతూనే ఉంది.

"పోనీ ఆ పాత తెర..." అంది అక్క.

"మొదటి రోజే దించితే అచ్చిరాదమ్మా" అన్నారు మాస్టారు. నిమ్మకాయ వంక చూస్తూ అనడంతో ఆ మాటకి బలం వచ్చింది.

ఇన్‌స్టిట్యూట్ నుంచి వంతు మీద తెచ్చిన కెమెరా, అందులో ఒక్క బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము. పిల్లల్ని నేను చదువుకున్న ప్రకారం నిలబెట్టాను. ఒకరు కిటికీ వైపు, ఒకరు నేల వైపు, ఒకరు దూరంగా లేని సముద్రం వైపు. అందరి చేతులూ జేబుల్లో. పొగాకు షెడ్డు వాసన గదంతా పరుచుకుంది. మాస్టారు ఈ మధ్యే చుట్ట మానేశారు, లైటు పట్టుకుని ఆ పిల్లల పక్కన అవసరం కన్నా దగ్గరగా నిలబడి గట్టిగా గాలి పీలుస్తున్నారు. నేను కెమెరాలోంచి చూశాను. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. మీట మీద వేలు పెట్టాను.

"రెడీ!" అన్నారు మాస్టారు.

పిల్లలందరూ ఒక్కసారిగా కెమెరా వైపు తిరిగారు. జేబుల్లోంచి చేతులు బయటికి వచ్చి తొడలకి అతుక్కున్నాయి. ఊపిరి బిగబట్టారు. పుట్టినప్పటి నుంచీ ఫోటో అంటే అంతే. ఒకరు రెడీ అంటారు, మనం ఇటు చూస్తాం, రెప్ప వెయ్యం.

"మాస్టారూ, దయచేసి రెడీ అనకండి."

"అనకుండా ఎట్లా తీస్తావయ్యా? దొంగతనంగానా?"

మళ్ళీ నిలబెట్టాను. కిటికీ, నేల, సముద్రం. ఈసారి ఆయన పెదాలు బిగించుకున్నారు. సరిగ్గా నేను నొక్కబోయేసరికి, ఎన్నో ఏళ్ళ అలవాటు గొంతులోంచి దానంతటదే వచ్చింది. "రెడీ!" మొహాలన్నీ ఇటు. ఫిల్ము అయిపోయేదాకా ఇదే తంతు. ఒకసారి ఆయన నిజంగానే అనలేదు. అప్పుడు నోరు ఆగని పిల్ల అంది.

మర్నాడు మాస్టారి డార్క్‌రూములో కాగితం మందులో వేశాం. అక్క నా వెనక నిలబడి ఉంది. ఎర్ర లైటు కింద తెల్ల కాగితం మీద ముందు కళ్ళు వచ్చాయి. తర్వాత జుట్టు, ముక్కులు, పెదాలు. తర్వాత చేతులు. తర్వాత పూలు. గోడ మీద పూలు, మొహాల కింద పూలు, చేతుల మధ్య పూలు. గౌన్ల కోసం ఎదురుచూశాం. పళ్ళెం అటూ ఇటూ ఊపాను. ఒక పూలతోట, అందులో అక్కడక్కడా తలకాయలు, వాటితో ఏమాత్రం సంబంధం లేని చేతులు.

"ఇంకాసేపు ఉంచితే వస్తాయా?" అంది అక్క.

"ఇంకాసేపు ఉంచితే తలకాయలు కూడా పోతాయి."

మాస్టారు భుజం మీద నుంచి తొంగిచూశారు. "మొహాలు మాత్రం కడిగిన ముత్యాల్లా వచ్చాయి" అన్నారు, తృప్తిగా.

మొహం పడకూడదు, బట్ట ఎంతైనా పడనీ అని కదా ఒప్పందం. ఆ ఒప్పందాన్ని తిరగేసి అంత పద్ధతిగా అమలుచేయడం తెలిసి చేస్తే సాధ్యమయ్యేది కాదు.

తల్లులు వస్తున్నారని తెలిసి నేను స్టూడియో వెనక గుమ్మం చూసిపెట్టుకున్నాను. వచ్చారు. ఫోటో లాక్కుని చూశారు. ఎవరి కూతుర్ని వాళ్ళు వెతుక్కున్నారు. షరతు పెట్టిన ఆవిడ ఫోటోని వెలుతురులోకి పట్టుకుంది.

"ఇది మా పిల్లేనా?"

"నేనేనే అమ్మా!"

"ఇంత బాగుంటావేందే నువ్వు?" అని, నా వైపు తిరిగి, "అబ్బాయ్, దీని తలకాయ వరకు కోసి నాకు రెండు కాపీలు ఇయ్యి. ఒంగోలు సంబంధం వాళ్ళు అడుగుతున్నారు" అంది.

అలా ఆ వేసవిలో నా ఫ్యాషన్ ఫోటోలు ముక్కలు ముక్కలుగా పెళ్ళిళ్ళ పేరయ్యల సంచుల్లోకి వెళ్ళాయి. ఒక పెళ్ళివారు మాత్రం, పిల్ల మొహం లక్షణంగా ఉంది, ఒళ్ళు ఉందా అని కబురు పెట్టారట. సారు చెప్పిన నిర్వచనం గుర్తొచ్చి నవ్వుకున్నాను. పెళ్ళి తీసేసి ఫోటో తీస్తే, అది నడుచుకుంటూ మళ్ళీ పెళ్ళి దగ్గరికే పోయింది.

అక్క నవ్వలేదు. బడులు తెరవడానికి ఇంకెన్నో రోజులు లేవు. ఇంకో ఫిల్ముకి నా వంతు రావాలంటే జూలై.

"ఏదైతే అదైంది, పద" అని ఫోటో ఒకటి, గౌన్లన్నీ సంచిలో పెట్టుకుని నన్ను వెంటబెట్టుకుని గుంటూరు బయల్దేరింది.

షావుకారు ఫోటోని దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు. వెనక ఏమన్నా ఉందేమోనని తిప్పి కూడా చూశాడు.

"తలకాయలు బాగా వచ్చినయ్యమ్మా. వీటికి ఒళ్ళేదీ?"

"ఒళ్ళు విడిగా తెచ్చానండీ" అని అక్క సంచిలోంచి గౌన్లు తీసి బల్ల మీద పరిచింది.

ఆయన చెయ్యి తిరిగిన మనిషి. ముందు గౌను తిరగేసి లోపలి కుట్టు చూశాడు. తర్వాత కాలరు, తర్వాత కుచ్చులు. తల ఊపాడు. నేను అక్క వైపు చూశాను. అక్క ఊపిరి బిగబట్టి, చేతులు పక్కలకి అతికించుకుని నిలబడి ఉంది, ఎవరో రెడీ అన్నట్టు.

ఆయన చెయ్యి పక్క కుట్టు వెంట జారి, లోపలికి పోయింది.

"ఇదేంటి?"

"జేబండీ."

"ఎవరికి?"

"వేసుకున్నవాళ్ళకి."

"ఆడపిల్ల జేబులో ఏముంటుందమ్మా?"

"ఏముంటే మనకెందుకండీ?"

షావుకారు నవ్వాడు. చెడ్డ మనిషి కాదు. "చూడమ్మా. కొనేది పిల్ల కాదు, తల్లి. జేబు చూడగానే ఇందులో ఇది ఏం దాస్తుందా అని ఆలోచనలో పడుద్ది. ఆలోచనలో పడ్డ మనిషి కొట్లో నిలబడదు. జేబులు ఎత్తేసి పట్టుకురా. ఉన్నవన్నీ ఉంచేసుకుంటా. పండగలకి ఇంకా కుడుదువుగాని."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎత్తేయడం ఎంతసేపు, ఒక పూట పని. అక్క ఊళ్ళోనే ఉంటుంది, దర్శి బస్సు దాని దారిన అది పోతుంది. నేను సరేనండీ అనబోయాను కూడా.

"జేబులు ఎత్తేస్తే అవి మామూలు గౌన్లండీ" అంది అక్క. "మామూలు గౌన్లు మీ కొట్లో బోలెడున్నాయి."

అని వెనుదిరిగి, చరచరా మెట్లు దిగి బజారులోకి వచ్చేసింది. చూడ్డానికి చాలా బాగుంది. వీధి చివరిదాకా అలాగే తలెత్తుకుని నడిచింది. అక్కడ ఆగి, "ఒరేయ్, గౌన్లు?" అంది. సంచితో సహా బల్ల మీదే ఉన్నాయి.

"నువ్వు పోయి తీసుకురా."

"నేను కూడా కోపంగానే వచ్చానక్కా."

చివరికి ఇద్దరం వెళ్ళాం. షావుకారు గౌన్లన్నీ శుభ్రంగా మడత పెట్టించి ఉంచాడు. "కోపం వస్తే రానియ్యండి గానీ ఈ ఎండలో ఉత్తగా పోబాకండి" అని గోలీ సోడాలు తెప్పించాడు. తాగాం. ఇంత గొప్పగా బయటికి వచ్చినవాళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళి సోడా తాగి త్రేనుస్తూ రావడం అంత తేలిక కాదు.

బస్సులో అక్క కిటికీ వైపు కూర్చుంది. చిలకలూరిపేట దగ్గర పడుతుండగా అడిగింది.

"ఎత్తేయాల్సిందంటావా?"

"నన్నడుగుతావేంటక్కా? జేబులు కనపడకుండా చేయడం ఒక్కటే నాకొచ్చిన విద్య."

ఫక్కున నవ్వింది. కళ్ళు కూడా తుడుచుకుంది. నవ్వుకి నీళ్ళు వచ్చాయో, ముందే ఉన్నాయో నేను అడగలేదు. అడిగితే ఇంకో జోకు వేయాల్సి వచ్చేది.

నా సంగతి ఎందుకు గానీ, నేను పాసయ్యాను. మా సారు ఆ ఫోటో ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మనిషి ఉంది, బట్ట ఉంది, కానీ ఏది ఏదో తెలియదు. ఇదిరా మోడర్న్ అంటే! కావాలనే చేశావు కదూ?" అన్నారు. పెద్దవాళ్ళ సంతోషం చెడగొట్టడం నాకు అలవాటే గానీ ఆ రోజు చెడగొట్టలేదు. దాన్ని చట్రం కట్టించి క్లాసు గోడకి తగిలించారు. అప్పటి నుంచీ హోమియో పేషెంట్లు పైకొచ్చి, ఆ తలకాయలు చూసి, కూర్చోకుండానే దిగిపోయేవాళ్ళట.

జూన్‌లో అక్క దర్శి వెళ్ళిపోయింది. కుట్టు మిషన్ బస్సు మీదకి ఎక్కించాం. వాళ్ళ నాన్న బస్సు పక్కన నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన దారిలో ఉన్న ఒక్కో ఊరిని తలుచుకుంటూ సాగుతుండగా డ్రైవరు హారన్ కొట్టాడు. అందరం ఆమెన్ అన్నాం. అక్క చెయ్యి ఊపింది. నాకు బాధగా ఉంది. కానీ బస్సు పైన మిషన్‌కి కట్టిన తాడు నేనే కట్టానన్న సంగతి గుర్తొచ్చి, ఆ బాధ కాస్తా భయంలోకి మారింది.

మరుసటి ఏడు చలికాలంలో హాస్టల్ నుంచి కబురు వచ్చింది, గ్రూపు ఫోటో తీయాలి రమ్మని. నేనప్పటికి పర్చూరు మాస్టారి దగ్గరే పని చేస్తున్నాను, పాస్‌పోర్టులు, పెళ్ళిచూపులు, ఇంకో రకమూ. సొంత కెమెరా వేసుకుని దర్శి బస్సెక్కాను.

పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. నీలం పావడాలు, తెల్ల జాకెట్లు, ఊహించినట్టే. కెమెరాలోంచి చూస్తే ఏదో తేడాగా ఉంది. చేతులు కనపడలేదు. చిన్న పిల్లల దగ్గర నుంచి పదో తరగతి వాళ్ళ దాకా ఎవరికీ చేతుల్లేవు. అన్నీ నీలం పావడాల పక్క కుట్లలోకి పోయి ఉన్నాయి.

"చేతులు బయట పెట్టండి!" అని వార్డెనమ్మ గారు అరిచారు. పెట్టారు. నేను రెడీ అన్నాను. అనగానే ఇటు చూశారు, చేతులు మాత్రం మళ్ళీ లోపలికి పోయాయి. ఏడాదిలో అదీ అలవాటైపోయినట్టుంది.

"పై నుంచి వచ్చిన కాగితంలో రంగు, పొడుగు రాసి ఉన్నాయి" అంది అక్క నా పక్కకి వచ్చి, మెల్లగా. "జేబుల మాట ఉండాలనీ లేదు, వద్దనీ లేదు."

"వార్డెనమ్మ గారు ఏమీ అనలేదా?"

"అన్నది. బీరువా తాళాలు పెట్టుకోడానికి చీర లోపలి పావడాకి ఒకటి కుట్టిచ్చాను. అప్పటి నుంచీ అనట్లేదు."

ఫోటో అయ్యాక నన్ను బస్సెక్కిస్తానని అక్క బజారు దాకా వచ్చింది. దారిలో ఒక టైలరు కొట్టు. గుమ్మానికి నీలం పావడాలు వేలాడుతున్నాయి, హాస్టల్లో ఉండకుండా ఇంటి నుంచి బడికి వచ్చే పిల్లలవి. వాటికీ పక్కన జేబులు ఉన్నాయి. నేను అక్క మొహం చూశాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ గబగబా వెళ్ళి ఒక పావడా పట్టుకుని జేబులో చెయ్యి పెట్టింది. వేళ్ళు సగం పోయి ఆగిపోయాయి.

"ఏంటండీ ఇది?"

"జేబమ్మా. హాస్టలు పిల్లలకి ఉన్నాయి, మాకూ కావాలని ఈ పిల్లలు ఒకటే గొడవ" అన్నాడు టైలరు, మిషన్ ఆపకుండానే.

"ఇది జేబా? బొట్టుబిళ్ళ కూడా నిలబడదు ఇందులో. మిగిలిన గుడ్డ ఏమైంది?"

టైలరు మిషన్ ఆపాడు. అక్క నుంచి నా వైపు, నా మెడలో కెమెరా వైపు చూశాడు. ఏ ఆఫీసు నుంచో తనిఖీకి వచ్చామనుకున్నట్టున్నాడు, లేచి నిలబడ్డాడు.

"ఎంత లోతు పెట్టమంటారమ్మా?"

అక్క తన అరచెయ్యి ఆ పావడా మీద ఆనించి పెట్టింది, వేళ్ళు కిందికి. "ఇదుగో, మణికట్టు దాకా. సుద్ద పెట్టి గీయండి."

ఆయన సుద్దముక్క తీసి అక్క చేతి చుట్టూ గీయడం మొదలుపెట్టాడు. బజారు చివర బస్సు కదిలింది. నేను పరిగెత్తాను. అక్క నా వైపు చూడను కూడా చూడలేదు. రెండో పావడా అందుకుని, "దీనిదీ విప్పండి" అంటోంది.